బోణీకి పనికిరాని చెయ్యి

చించిన చెక్కులు నట్టింట్లో అట్లాగే పడి ఉన్నాయి. రెండు రోజులైంది. ఎవరూ ఊడ్చలేదు.

పోలేరమ్మ వాటిని దాటుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. గంగాధర్ తొక్కుకుంటూ వచ్చాడు. సత్యశ్రీ వాటి పక్కనే పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

మొత్తం పదిహేడు చెక్కులు. అన్నిటి మీదా ఆమె సంతకమే. మూడు నెలలకోసారి గంగాధర్ కొత్త పుస్తకం తెచ్చి ముందు పెట్టేవాడు. ఆమె పొయ్యి మీది కూర దించి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, వరసగా సంతకాలు పెట్టేది. అంకెలు అతను తరవాత వేసుకునేవాడు.

సోమవారం ఆమె కూతురు తిరుమలను ఫీజు కట్టలేదని కాలేజీలో క్లాసు బయట నిలబెట్టారు. ఆ సాయంత్రం సత్యశ్రీ మరిది బీరువాలోంచి పుస్తకం తీసి చెక్కులు చించింది. ఉక్రోషంతో చించలేదు. చిక్కుడుకాయ ఈనె తీసినంత నిదానంగా చించింది. ఆ నిదానమే ఇంట్లోవాళ్ళని భయపెట్టింది.

“రేపు పదిహేనో తారీకు వదినా,” అన్నాడు గంగాధర్.

“గోడకి క్యాలెండరుంది. చూశాను.”

“సెప్టెంబరు పదిహేను లోపల అడ్వాన్సు టాక్సు కట్టాలి. ఇరవై రెండు వేలు. దాటితే వడ్డీ పడుద్ది.”

“ఎవరి పేరున?”

“నీ పేరునే.”

“మరి కంగారు నీకెందుకు?”



గంగాధర్ అన్న, సత్యశ్రీ భర్త సూర్యప్రకాష్ పోయి నాలుగేళ్ళు. కంకిపాడు దాటాక ఉయ్యూరు రోడ్డు మీద ఉన్న ఐసు ఫ్యాక్టరీ తాళాలు అన్న పోయిన వారానికే తమ్ముడి చేతికి వచ్చాయి. వదినని అడిగి తీసుకోలేదు. అడగాలని అతనికి తోచలేదు. అలాంటివి తోచకపోవడం కొందరికి పెద్ద ఆస్తి.

వంటింట్లోంచి పోలేరమ్మ కేకేసింది. “బోణీ బేరం వేళ ఏం మాటలే అవి, పొద్దున్నే?”

“బోణీకే కదత్తా నేను పనికిరానిది. మాటలకి కూడానా?”

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

*

ఆడిటరు వెంకటకృష్ణారావు పదకొండింటికి వచ్చాడు. బక్కమనిషి. చంకలో రెక్సిన్ బ్యాగు. ఇల్లు తగలబడుతున్నా ముందు ఫైలు తెరిచే రకం. కింద పడ్డ ముక్కల్ని చూసి, కాళ్ళు ఎత్తి ఎత్తి వేసుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఏమిటని అడగలేదు. ఆయన వృత్తిలో అడగకపోవడం సగం జీతం.

ఎప్పటిలాగే గంగాధర్ వైపు తిరిగి మొదలుపెట్టాడు.

“ఈ ఏడాది చాలా మార్పులొచ్చాయండీ. సగం ఏడాది గడిచింది. సర్దుకునేది ఏదైనా ఇప్పుడే సర్దుకోవాలి. మార్చి దాకా ఆగి నా దగ్గరికి పరిగెత్తుకొస్తే నేను చేసేదేమీ ఉండదు. మగవాళ్ళకి లక్ష దాకా పన్ను లేదు. ఆడవాళ్ళకి లక్షా ముప్పై అయిదు వేలు. అరవై అయిదు దాటినవాళ్ళకి లక్షా ఎనభై అయిదు.”

“మా అమ్మకి డెబ్భై,” అన్నాడు గంగాధర్ వెంటనే.

“అందుకే మీరు చెప్పిన కాగితం రాయించుకొచ్చాను.” బ్యాగులోంచి టైపు చేసిన కాగితాలు తీశాడు. “ఫ్యాక్టరీ సత్యశ్రీ గారి పేరున ఉంది. దాన్ని ఆవిడ పోలేరమ్మ గారికి దానంగా రాసిస్తే, ఆదాయం పెద్దావిడ పేరు మీదకి వెళ్తుంది. పన్ను తగ్గుతుంది.”

“విన్నావుగా వదినా. అంతా పన్ను కోసమే. ఇంట్లో డబ్బు ఇంట్లోనే ఉంటది.”

సత్యశ్రీ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. పీట జరుపుకుని ఆడిటరుకు ఎదురుగా కూర్చుంది.

“ఆడిటరు గారూ, ఒక మాట అడగొచ్చా అండీ?”

“అడగండమ్మా.” తొమ్మిదేళ్ళలో ఆవిడ ఆయన్ని మంచినీళ్ళు కావాలా అని తప్ప ఏమీ అడగలేదు.

“దానం ఎవరు చేస్తారండీ?”

“అంటే?”

“ఎవరు చెయ్యగలరూ అని.”

“ఆస్తి ఉన్నవాళ్ళు.”

“అయితే నాకు ఆస్తి ఉందన్నమాట.”

వెంకటకృష్ణారావు గంగాధర్ వైపు చూశాడు. గంగాధర్ ఫ్యాను వైపు చూశాడు.

“ఉందమ్మా,” అన్నాడు ఆడిటరు. “స్థలం మీ పేరున. లైసెన్సు మీ పేరున. కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, అన్నీ మీ పేరునే.”

“పోయిన ఏడాది నా ఆదాయం ఎంతండీ?”

“నాలుగు లక్షల ఇరవై వేలు చూపించాం.”

“నాలుగు లక్షల ఇరవై వేలు,” అంది ఆమె. ఎవరికో అప్పజెప్పినట్టు అంది. “నా కూతురు పన్నెండు వేల ఫీజు కోసం గుమ్మం బయట నిలబడింది.”

“వదినా, అది వేరే సంగతి.”

“పిల్ల ఫీజా?” ఆడిటరు ఫైల్లోంచి తలెత్తాడు. ఫైలు సంగతి వస్తే ఆయన నోరు ఆగదు. “అదీ లెక్కలోకే వస్తుందండీ. ఎల్లైసీ, ప్రావిడెంటు ఫండు, పిల్లల ఫీజు అన్నీ కలిపి లక్ష దాకా ఆదాయంలోంచి తీసేయొచ్చు. ఫీజు రశీదు ఇమ్మని గంగాధర్ గారిని రెండేళ్ళుగా అడుగుతున్నా. ఇస్తామంటారు, ఇవ్వరు.”

“కట్టనిదానికి రశీదు ఎట్టా వస్తదండీ?” అంది సత్యశ్రీ.

ఆడిటరు ఫైల్లోకి తల దించాడు. కాని ఆమె వదల్లేదు.

“ఈ దానం వల్ల పన్ను ఎంత తగ్గుద్ది?”

“ఏడాదికి... ఎనిమిది వేల చిల్లర.”

“రిజిస్ట్రేషనుకి ఎంతవుద్ది?”

ఆయన దగ్గాడు. “అది ఎక్కువే అవుతుందమ్మా. లక్ష దాటుతుంది.”

“ఎనిమిది వేలు మిగల్చడానికి లక్ష తగలేస్తాడా మా మరిది? కూరలో టమాటా ఎక్కువేస్తే లెక్క అడిగేవాడు?”

గంగాధర్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

“ఏంటండీ ఆవిడకి చెప్పేది? ఫ్యాక్టరీ మాది. మా అన్న, నేను రెక్కలు ముక్కలు చేసుకుని కట్టింది. అమ్మ చెప్పిందని ఈవిడ పేరు పెట్టాం. పేరుకే ఈవిడది!”

“గంగాధర్ గారూ, ఆ మాట నా ఎదురుగా అనకండి,” అన్నాడు వెంకటకృష్ణారావు. గొంతు పెంచలేదు. “ఫ్యాక్టరీ మీదైతే తొమ్మిదేళ్ళుగా ఆవిడ పేరున వేసిన రిటర్నులన్నీ అబద్ధం. ఆదాయమంతా మీది. మీ లారీల ఆదాయం మీద ఇదీ కలుస్తుంది. పన్ను, వడ్డీ, దాని మీద జరిమానా. అప్పుడు నేను కూడా మిమ్మల్ని కాపాడలేను. ఆవిడదే అంటే ఆవిడదే. రెండూ కుదరవు.”

రోడ్డు మీద ఉప్పుబండి వాడి కేక దగ్గరికొచ్చి దూరమైంది.

“కాగితం వెనక్కి తీసుకెళ్ళండి,” అంది సత్యశ్రీ. “దానం చెయ్యను.”

“మరి రేపటి పన్ను?”

“నేను వెళ్ళి కడితే తీసుకుంటారా?”

ఆడిటరు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. “కట్టాల్సింది మీరేనమ్మా,” అని బ్యాగులోంచి ఖాళీ చలానా తీసి, తనే పాన్ నంబరు నింపి ఆమె చేతికిచ్చాడు. చేతికి. బల్ల మీద పెట్టలేదు.

గంగాధర్ గుమ్మం దాటుతూ అన్నాడు. “కట్టుకో. మహారాణిలా కట్టుకో. ఫ్యాక్టరీ ఎట్టా నడుస్తదో నేనూ చూస్తా.”

*

మధ్యాహ్నం పోలేరమ్మ పెరట్లో ఎండు మెత్తళ్ళ చేపలకి తలలు గిల్లుతోంది. సత్యశ్రీ వెళ్ళి ఎదురుగా కూర్చుని తనూ నాలుగు తీసుకుంది.

“వాడు నా కొడుకు,” అంది పోలేరమ్మ.

“పోయినాయనా నీ కొడుకే.”

పోలేరమ్మ ఇంకో తల గిల్లింది.

“ఫ్యాక్టరీకి ఆ పేరు నేనే పెట్టించా. నువ్వు కాపరానికొచ్చిన వారం మన వల చిరిగిపోయేంత చేప పడింది. నీ పేరు అచ్చొచ్చుద్దన్నా.”

“పేరు అచ్చొచ్చింది. మనిషే అచ్చిరాలేదు.”

ఫ్యాక్టరీ మొదలైన రోజు నుంచి ప్రతి తెల్లవారీ తొలి ఐసు దిమ్మ డబ్బులు సత్యశ్రీ చేతిలోనే పడేవి. ఆమె కళ్ళకద్దుకుని పెట్టెలో వేస్తేనే రెండో దిమ్మ బయటికి వచ్చేది. చేపల వ్యాన్ల వాళ్ళు ఆమె వచ్చేదాకా టీ తాగుతూ కాచుకునేవాళ్ళు. సూర్యప్రకాష్ పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె ఎప్పటిలాగే బయల్దేరితే, పోలేరమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. ఇక నువ్వు రాకు అంది. అప్పట్నుంచి బోణీ గంగాధర్ పెళ్ళాం చేస్తోంది.

చెయ్యి మాత్రం మానిపించారు. సంతకం మానిపించలేదు.

“లోకం అంటదే,” అంది పోలేరమ్మ. “మొగుడు పోయినదాని చేత బోణీ చేయిస్తే బేరగాళ్ళు రారు.”

“మామ పోయాక నువ్వు బందరులో చేపల బుట్ట ఎత్తావుగా. నీ బోణీ ఎవరు చేశారు?”

ముసలమ్మ గోళ్ళు ఆగాయి.

“పక్కింటి ముత్తైదువ,” అంది చివరికి. “తొలి చేప ఆమె చేతికిచ్చి అమ్మించేదాన్ని. అందులో పావలా ఆమె తీసుకునేది.”

“ఎన్నేళ్ళు?”

“ఏడేళ్ళు.”

“ఏడేళ్ళ పావలాలు,” అంది సత్యశ్రీ. “నీ బుట్ట. నీ నెత్తి. నీ చేప.”

పోలేరమ్మ మళ్ళీ తలలు గిల్లడం మొదలుపెట్టింది.

పెళ్ళాం పోయిన మగాణ్ణి బోణీకి రావద్దని బందరు రేవులో ఎవరూ ఎప్పుడూ అనలేదు. పెద్దకర్మ మర్నాడే వచ్చి వేలం పాట పాడినవాళ్ళున్నారు. వాళ్ళ పాట తగిలి చేపేమీ కుళ్ళలేదు. ఈ లెక్క మాత్రం ఏ ఆడిటరూ రాయడు.

“అత్తా, రేపు బ్యాంకుకి వెళ్తా. అట్నుంచి ఫ్యాక్టరీకి. బోణీ నేనొచ్చేదాకా ఆపమంటా. నేనే చేస్తా.”

“సత్యమ్మా, వాడు ఊరుకోడే.”

“నేనూ ఊరుకోనుగా.”

“ఇద్దరూ ఊరుకోకపోతే ఇల్లేమవుద్ది?”

“నేనొక్కదాన్నే ఊరుకుంటే ఇల్లు నాలుగేళ్ళు బాగానే ఉంది. ఎవరికి బాగుందో నువ్వే చెప్పు.”

పోలేరమ్మ మెత్తళ్ళ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి అన్నం తినలేదు. ఎవరూ తినమనలేదు.

*

గురువారం పొద్దున ఏడింటికి ఇంట్లో ఫోను మోగింది. ఫ్యాక్టరీలో మోటారు నడిపే పనివాడు పెద్దబ్బాయి చేశాడు.

“అమ్మా, గంగాధర్ గారు తెల్లారకుండానే వచ్చి మోటారు ఆపించారు. అందర్నీ బయటికి పంపి తాళమేశారు. మీకు చెప్పమన్నారు.”

“ఐసు?”

“దిమ్మలు కట్టే ఉన్నాయమ్మా. మధ్యాహ్నానికి మెత్తబడతాయి. నాలుగు వ్యాన్లు చేపతో వచ్చి నిలబడ్డాయి. వాళ్ళు నన్ను తిడుతున్నారు.”

“ఐసు కొట్టే సుత్తి ఎక్కడుంది?”

“బయటే ఉందమ్మా.”

“ఉండనీ. పదకొండింటికి వస్తా.”

“ఇప్పుడే రారాదా అమ్మా?”

“ముందు పన్ను,” అంది సత్యశ్రీ.

పదింటికి విజయవాడ పటమటలో బ్యాంకు తలుపు తీసేసరికి ఆమె వరసలో మొదట ఉంది. పదిహేడు చెక్కులు చించింది నిజమే. పద్దెనిమిదోది బియ్యం డబ్బాలో దాచింది. దాని మీద అంకె తనే వేసింది. తొమ్మిదేళ్ళలో తన సంతకం పైన తను రాసిన మొదటి అంకె అది.

గుమాస్తా చెక్కు తిప్పి చూశాడు. “మీరొచ్చారేంటమ్మా? గంగాధర్ గారు రాలేదా?”

“కట్టేది నేను.”

“ఆయన పంపితే సరిపోయేదిగా, ఈ ఎండలో...”

“ముద్ర గట్టిగా వెయ్యండి. చదవడానికి రావాలి.”

అతను గట్టిగానే వేశాడు. చలానా చివరి ముక్క చించి ఇచ్చాడు. ఆమె దాన్ని మడవకుండా చేత్తో పట్టుకుని కంకిపాడు బస్సెక్కింది.

*

ఫ్యాక్టరీ ముందు నాలుగు వ్యాన్లు. ట్రేల్లోంచి నీళ్ళు కారి రోడ్డు తడిసింది. ఈగలు ముసురుతున్నాయి. తలుపు పైన బోర్డు ఎండకు వెలిసింది గాని అక్షరాలు పోలేదు. సత్యశ్రీ ఐస్ ఫ్యాక్టరీ. దాని కింద అరచెయ్యంత కొత్త తాళం.

“వచ్చారా తల్లీ!” అన్నాడు కైకలూరు వ్యాను డ్రైవరు. “ఇంకో గంటాగితే ఈ చేప కూరకి కాదు, కొబ్బరి చెట్ల పాదులకి పోసుకోవాలి. మా షావుకారు నన్ను కూడా ఆ పాదులోనే పూడుస్తాడు.”

ఎదురుగా టీ కొట్టు బల్ల మీద గంగాధర్ కూర్చుని ఉన్నాడు. కాలు మీద కాలు. టీ గ్లాసు చేతిలో. లేవలేదు.

“పెద్దబ్బాయ్, తాళం కొట్టు,” అంది సత్యశ్రీ.

పెద్దబ్బాయి సుత్తి అయితే తీశాడు. చెయ్యి లేవలేదు. “ఎవరి మాట మీద కొట్టమంటారమ్మా? రేపు నా మీదకొస్తే? ఇద్దరు పిల్లలున్నోణ్ణి.”

ఆమె చలానా ముక్క చూపించింది. “ఇది చదువు.”

“ఇంగిలీషు నాకెక్కడొచ్చమ్మా.”

“ముద్ర కనపడుతోందా?”

“కనపడుతోంది.”

“ఈ ఫ్యాక్టరీ సంపాదన మీద ఈ ఏటి పన్ను ఇవాళ నేను కట్టా. నీ మీద ఎవరన్నా వస్తే ఈ కాగితం చూపిస్తా. కొట్టు.”

“తాళం ముట్టుకుంటే పోలీసులకి చెప్తా!” గంగాధర్ రోడ్డుకు అవతల్నుంచి అరిచాడు.

“చెప్పు.” ఆమె గొంతు కూడా రోడ్డు దాటింది. “ఏమని చెప్తావ్? ఫ్యాక్టరీ నాదని చెప్తావా? చెప్పు. స్టేషన్లో రాసి సంతకం పెట్టు. నీ సంతకం నేనింతవరకూ చూళ్ళేదు గంగాధర్, ఎట్టా ఉంటదో చూద్దాం. ఆ కాగితం నకలు నేనే తీసుకెళ్ళి ఆడిటరు గారికిస్తా.”

వ్యాను డ్రైవర్లు నవ్వారు. ఎందుకు నవ్వాలో వాళ్ళకు పూర్తిగా తెలియదు. గంగాధర్ మొహం చూస్తే నవ్వొచ్చింది, నవ్వారు.

అతను రోడ్డు దాటి వచ్చాడు. వచ్చి ఏం చెయ్యాలో తెలియక తాళం ముందు నిలబడ్డాడు.

అప్పుడే విజయవాడ వైపు నుంచి వచ్చిన ఆటో ఆగింది. పోలేరమ్మ దిగింది. ఒంటరిగా వచ్చింది. ఆటోవాడు చిల్లర లేదంటే వద్దులే పొమ్మంది. జీవితంలో చిల్లర వదలని మనిషి.

గంగాధర్ ఊపిరి పీల్చుకున్నాడు. “అమ్మా, వచ్చావా? చెప్పు దానికి. అందరి ముందూ పరువు తీస్తోంది. చెప్పు.”

పోలేరమ్మ కొడుకు వైపు చూడలేదు. అతన్ని మోచేత్తో పక్కకి జరిపి తలుపు ముందుకొచ్చి, నాలుగేళ్ళ కిందట ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టే అడ్డంగా నిలబడింది.

“ఏవయ్యా,” అంది కైకలూరు డ్రైవరుతో. “పొద్దుట్నుంచి బోణీ అయిందా?”

“తలుపే తియ్యలేదు, బోణీ ఎక్కడిదమ్మా?”

ముసలమ్మ తలాడించింది. కోడలి చేతిలో కాగితం వైపు చూసింది. పెద్దబ్బాయి వైపు చెయ్యి చాచింది.

“ఆ సుత్తి ఇట్టా తే.”

పెద్దబ్బాయి గంగాధర్ని చూశాడు. సత్యశ్రీని చూశాడు. ఇద్దరిలో ఎవరికీ ఇవ్వక్కర్లేదని తేలినందుకు సంతోషించినవాడిలా సుత్తి ముసలమ్మ చేతిలో పెట్టాడు.

బరువుకి ఆమె మణికట్లు వాలాయి. రెండు చేతులా పట్టుకుంది. తాళం వైపు తిరగలేదు. కోడలి కళ్ళలోకి చూసింది.

“చెయ్యి చాపు. నువ్వే బోణీ చెయ్యి,” అంది.

సత్యశ్రీ చలానా ఉన్న చేతిని వీపు వెనక పెట్టుకుంది. రెండో చెయ్యి చాపింది.